నేల మీద పెట్టిన సూది

తోబిగవా, 1966 మే 9

చెల్లీ మిచియె,

నువ్వు పంపిన పెట్టె మొన్న గూడ్సుబండిలో దిగింది. స్టేషను నుంచి తోపుడుబండి మీద నేనే తోసుకొచ్చాను, కూలివాళ్ళని చెయ్యి వెయ్యనివ్వలేదు. మీ వదిన గుమ్మంలో నిలబడి చూసి, "పెళ్ళినాడు నన్ను కూడా ఇంత జాగ్రత్తగా తీసుకురాలేదు కదయ్యా" అంది. అబద్ధం చెప్పడమెందుకు, ఆ రోజు గొడుగు కూడా నేనే పట్టుకున్నాను, నా నెత్తి మీద.

పాత టర్న్‌టేబుల్‌ని అటకెక్కించేసి, రికార్డులు తిప్పడానికి కొత్తదాన్ని కూర్చోబెట్టాను. నువ్వు తీగ చుట్టిన కార్ట్రిడ్జ్, అదే సూదిని పట్టుకునే ముక్క, బిగించాను. గోరంత పెట్టెలో మా చెల్లెలు వెంట్రుక కన్నా సన్నటి తీగ భూతద్దం పెట్టుకుని చుట్టింది అని చెబితే, మా కాఫీ కొట్టుకి పాటలు వినడానికొచ్చేవాళ్ళు నా మొహం చూసి నవ్వారు. పెద్ద గని మూసేసి మూడేళ్ళయినా వీళ్ళ చేతులింకా పారలు పట్టుకున్నట్టే ఉంటాయి. వాళ్ళకి వెంట్రుకంటే తలలో ఊడేదే.

రెండు కష్టాలొచ్చాయి. ఒకటి, పాటలన్నీ పరిగెడుతున్నాయి. పియానో వాయించేవాడు రైలు తప్పిపోతుందన్నట్టు వాయిస్తున్నాడు. రెండోది, పాటకీ పాటకీ మధ్య ఖాళీలో అడుగున ఏదో మూలుగు ఉంది. చెవికన్నా కూర్చున్నచోట ఎక్కువ తెలుస్తుంది. పాతదాంట్లో ఇది లేదో, ఉన్నా ఆ గోలలో నాకు వినపడలేదో తెలీదు. పైగా ఎవరైనా లేచి నడిస్తే సూది గెంతుతోంది. మాట్లాడకూడదని గోడ మీద బోర్డు పెట్టానుగానీ నడవకూడదని పెట్టలేను కదా.

ఫోను చెయ్యొద్దు. పొగాకు కొట్లో ఫోనెత్తితే సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోతుంది. ఉత్తరం రాయి.

నీ అన్న, ఇవాకిచి


తోక్యో, ఒమోరి, మే 17

అన్నయ్యా,

నవ్వుకో, తప్పు నాదే. తోక్యో కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగితే మీ క్యూషూ కరెంటు అరవైసార్లు ఊగుతుంది. మోటారు కప్పీ మార్చకుండా పంపేశాను. ఈ యంత్రాలు తయారుచేసే కంపెనీలో పదేళ్ళ నుంచి ఉన్నదాన్ని, బయట తెలిస్తే నా పరువు పోతుంది. అరవై కప్పీ ఈ కవర్లోనే దూదిలో చుట్టి పెట్టాను, పారేసుకోకు.

మూలుగు సంగతి. దాన్ని కొలవడమే నా పని. మా దగ్గరికి నుమాతా మాస్టారని ఒకాయన వస్తాడు, పత్రికలో ఈ యంత్రాల గురించి రాస్తాడు. కళ్ళు మూసుకుని వింటాడు, "పట్టుబట్టలా ఉంది" అంటాడు, టీ తాగి వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళాక నేను పాటే లేని రికార్డు పెడతాను. ఖాళీ గాడి. ఏమీ లేనిచోట యంత్రం ఎంత వాగుతుందో కాగితం మీద పెన్ను గీస్తుంది. నోరు మూసుకుని తిరిగేదే మంచి యంత్రం. మాస్టారిని మాత్రం ఆ కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు.

ఇరుసులో రెండు చుక్కలు నూనె వెయ్యి. రబ్బరు చక్రం స్పిరిటుతో తుడువు. అడుగుల అదురుకి మందు ఒకటే. కొట్లో చెక్కనేల ఒక మూల కోసి, కింద మట్టి తవ్వి, గట్టినేల తగిలేదాకా వెళ్ళు. అక్కణ్ణుంచి సిమెంటు స్తంభం పైకి లేపు. అది చెక్కలకి ఎక్కడా తగలకూడదు. యంత్రాన్ని దాని మీద పెట్టు. ఇక్కడ ఈ పిచ్చి ముదిరినవాళ్ళంతా అదే చేస్తున్నారు.

నిద్ర పడుతోందా? ఊరికే అడుగుతున్నా.

మిచియె


తోబిగవా, జూన్ 20

మిచియె,

స్తంభం లేచింది. మనిషి ఎత్తున్నర కిందికి తవ్వాను. ఒగాతా బాబాయ్ వచ్చి సాయం పట్టాడు. గనిలో ముప్ఫై ఏళ్ళు పైకప్పుకి దుంగలు నిలబెట్టిన చేతులు, సిమెంటు కూడా ఆయన మాటే విన్నది. ఇప్పుడు కొట్లో గంతులేసినా సూది కదలదు. పియానోవాడు తీరిగ్గా వాయిస్తున్నాడు. అంతవరకూ నీకు దణ్ణం.

మూలుగు మాత్రం పెరిగింది. నూనె వేశాను, రబ్బరు తుడిచాను. ఇదివరకు మూలుగొక్కటే ఉండేది. ఇప్పుడు మధ్యమధ్య దబ్బుమని ఒక దెబ్బ, కాసేపు గీరుతున్నట్టు, మళ్ళీ మూలుగు. మీ వదినని పిలిచి వినమంటే రెండు నిమిషాలు తల వంచి విని "ఐసుపెట్టె" అంది. ఐసుపెట్టె తీగ పీకేసి మళ్ళీ విన్నాను. ఉంది. ఒగాతా బాబాయ్‌ని కూర్చోబెట్టాను. ఒక రికార్డు సగం దాకా విన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు, కాఫీ సగం వదిలేసి. ఆయన నన్ను జాలిగా చూసినట్టనిపించింది. ఆ చూపు నాకు తెలుసు.

నిద్ర పడుతోందా అని ఊరికే అడగవు నువ్వు. ఏడేళ్ళ కిందట పైకప్పు కూలి రెండ్రోజులు లోపల ఉండిపోయినప్పుడు, నన్ను తవ్వి తీసింది ఆయనే. తర్వాత నాలుగు నెలలు దుంగలు విరుగుతున్న చప్పుడు విన్నానని ఆస్పత్రిలో పెట్టింది మీరే. బాగుపడ్డాను. ఇది యంత్రం చప్పుడు. యంత్రంలో తప్పేమిటో కనుక్కుని చెప్పు, చాలు.

ఒక సంగతి నీకు పనికొస్తుందేమో. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా యంత్రం బుద్ధిగా ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ మొదలు.

వానలు విడవడం లేదు. ఊరగాయ రేగుపళ్ళు పెట్టడానికి ఎండే దొరకలేదని మీ వదిన మేఘాల్ని తిడుతోంది.

ఇవాకిచి


ఒమోరి, జూన్ 27

అన్నయ్యా,

కోపం తెచ్చుకోకు. నువ్వు రాసిన పన్నెండు గంటల ముక్కే అసలైనది. మధ్యాహ్నం ఫ్యాక్టరీలు ఆగుతాయి, కరెంటు ఒత్తిడి పెరుగుతుంది, మోటారు నున్నగా తిరుగుతుంది. మిగతా వేళల్లో ఒత్తిడి పడిపోయి మోటారు గింజుకుంటోంది. మోటారులో ఏదో చుట్ట వదులైనట్టుంది. యంత్రాన్ని నాకు తిరిగి పంపు. కార్ట్రిడ్జ్‌తో సహా పంపు. కొలిచి, విప్పి, సరిచేసి పంపుతాను. అందాకా అటక మీది పాతదాన్ని దింపుకో.

నువ్వు చెప్పింది నేను నమ్మాను. ఇది రెండుసార్లు చదువుకో.

మిచియె


ఒమోరి, జూలై 14 (కార్డు)

అన్నయ్యా, నాలుగు రోజులు కొలిచాను. నీ యంత్రంలో ఏ దోషమూ లేదు. ఇంత నోరు మూసుకుని తిరిగేదాన్ని ఈ గదిలో నేనింతవరకు చూడలేదు. రేపు బండికి వేస్తున్నాను. హాయిగా పడుకో. మిగతాది తర్వాత రాస్తాను.
మిచియె


తోబిగవా, జూలై 19

మిచియె,

కార్డు అందింది. పోస్టుమాన్ చదివాడు, మీ వదిన చదివింది, చివరికి నేను చదివాను. యంత్రంలో ఏ దోషమూ లేదన్నావు. ఇంక మిగిలింది నేనే కదా. హాయిగా పడుకోమని కూడా రాశావు. ఆస్పత్రిలో డాక్టరు కూడా ఇదే మాట ఇలాగే అన్నాడు.

మీ వదినకి వేరే ఉత్తరం రాశావని తెలిసింది. బియ్యం డబ్బా వెనక దొరికింది. మందు మళ్ళీ వేసుకుంటున్నాడా, రాత్రిళ్ళు లేస్తున్నాడా అని. "నువ్వు చెప్పింది నమ్మాను" అని నాకు రాసిన రోజే అదీ రాశావు, తారీఖు చూశాను. ఇద్దరాడవాళ్ళూ నా వెనక గుసగుసలాడుకోవడం నాకు బాధ అనిపించలేదు, భయం వేసింది. ఎందుకంటే మీరిద్దరూ తెలివైనవాళ్ళు.

నిజం చెప్తాను. యంత్రం లేకపోయినా ఇప్పుడు నాకు తెలుస్తోంది. నిన్న ఆ ఖాళీ స్తంభానికి చెంప ఆనించాను. సిమెంటు చల్లగా ఉంది. లోపల దబ్బుమంది. గబుక్కున లేచి గిన్నెలు కడిగాను. పన్నెండింటికి మళ్ళీ ఆనించాను, ఏమీ లేదు. నా పిచ్చి కూడా భోజనానికి లేస్తుంది చూడు.

వచ్చే నెల పెద్దల పండగ వెళ్ళాక ఫుకువోకా ఆస్పత్రికి పోతాను. ఈసారి మీరు తీసుకెళ్ళక్కర్లేదు, నా కాళ్ళతోనే పోతాను. కొట్టు మీ వదిన నడుపుతుంది. నీ తప్పేం లేదు. కొలిచి ఉన్నది చెప్పావు.

అన్న


ఒమోరి, జూలై 23

అన్నయ్యా,

ఆస్పత్రికి వెళ్ళకు. ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు, మధ్యలో లేవకు.

వదినకి రాశాను, నిజమే. నమ్మాననీ నీకు రాశాను. రెండూ ఒకే పూట రాశాను. నాకు నీ గురించి భయం, ఆ భయానికి యంత్రం మీద తప్పు దొరికితే బావుండునని నాలుగు రోజులు వెతికాను. నువ్వూ అందుకే వెతికించావు. మనిద్దరం ఆ పాపం యంత్రం నెత్తిన రుద్దాలనే చూశాం.

నిన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొలతల గదిలో కూర్చున్నాను. మా పక్క షెడ్డులో రేకులు వంచే ప్రెస్సు ఉంది. అది నడుస్తున్నంతసేపూ నా పెన్ను వణుకుతుంది. అందుకే పదేళ్ళుగా నా మంచి కొలతలన్నీ భోజనాల వేళే తీస్తాను. అప్పుడు ప్రెస్సువాళ్ళు అన్నానికి కూర్చుంటారు. నిన్న పన్నెండింటి కూత వినపడింది. పెన్ను నిలబడిపోయింది. నా నూడుల్స్ గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

యంత్రం అన్నానికి ఆగదు అన్నయ్యా. పిచ్చి కూడా ఆగదు. మనుషులు ఆగుతారు.

తిరిగేదాని చప్పుడు చుట్టుకోసారి తిరిగొస్తుంది, దబ్బుమని ఒకసారి అని ఊరుకోదు. స్తంభం కట్టాక అది పెరిగిందన్నావు. గట్టినేల దాకా దింపమన్నది నేనే. అడుగుల చప్పుడు రాకుండా చెయ్యబోయి, నేల చెవిలో నీ సూది పెట్టించాను.

మూసేసిన గనిలో ఊరి కింద బొగ్గు స్తంభాలు వదిలేశారని, ఊరు వాటి మీదే నిలబడి ఉందని నాన్న చెప్పేవాడు. అవి ఇప్పటికీ ఉన్నాయా? ఎవరైనా వాటిని తవ్వుకుంటున్నారా? నాకు తెలీదు, నీకు తెలుసు.

యంత్రం ఈపాటికి వచ్చి ఉంటుంది. స్తంభం మీద పెట్టు. మోటారు వెయ్యకు. ఆగి ఉన్న రికార్డు మీద సూది దించు. ఆంప్లిఫయర్ కొంచెం పెంచు, ఎక్కువ పెంచితే ఊళ పెడుతుంది. ఏమీ తిరగనప్పుడు కూడా చప్పుడు వస్తే అది యంత్రానిది కాదు, నీదీ కాదు.

నీ చెల్లెలు మిచియె


తోబిగవా, జూలై 29

మిచియె,

యంత్రం వచ్చింది. స్తంభం మీద పెట్టాను. రికార్డు పెట్టాను. మోటారు వెయ్యలేదు.

సూది దించలేదు.

దించమని రాయడం తేలికే. మూడుసార్లు చెయ్యి ఎత్తాను. చప్పుడు రాకపోతే నేను పిచ్చివాణ్ణి. వస్తే మా మంచం కింద నేల లేదు. ఈ రెండిట్లో ఏది కావాలని కోరుకోను? గనిలో ఇరుక్కున్నప్పుడైనా, ఎవరైనా రావాలని ఒక్కటే కోరుకున్నాను.

నువ్వడిగినవాటికి జవాబు. బొగ్గు స్తంభాలున్నాయి. కొండ అవతల వైపు, పాత గనికి గాలి పోయేందుకు తవ్విన గొయ్యి నుంచి ఒక చిన్న కంపెనీ బొగ్గు తీస్తోంది. మా వైపు రావడం లేదని అంటారు. పని దొరికిన నలుగురిని పట్టుకుని ఎక్కడ తవ్వుతున్నారురా అని ఎవడడుగుతాడు? మా కొట్టుకొచ్చే హిరకావా అందులోనే పని చేస్తాడు. ఈమధ్యే ఇంటికి అన్నం వండే కొత్త కరెంటు కుండ కొన్నాడని పెళ్ళాం ఊరంతా చెప్పుకుంది.

వెనకగది తలుపు పడటం లేదు. వానకి చెక్క ఉబ్బిందని మీ వదిన అంటోంది. బావిలో నీళ్ళు రెండ్రోజులుగా బురదగా ఉన్నాయి. అదీ వానే అంది. నేనూ అవునన్నాను. భయపడేవాళ్ళకి వాన చాలా మంచిది.

ఇవాకిచి


తంతి, ఆగస్టు 1, ఒమోరి

ఒక్కడివే వినకు. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు దించు. పగలే దించు. మిచియె


తోబిగవా, ప్రాథమిక పాఠశాల, ఆగస్టు 9

మిచియె,

బతికే ఉన్నాం. ఇద్దరం. ముందు అది రాయమని మీ వదిన పక్కన కూర్చుంది. రాశాను, ఇప్పుడు లేచి వెళ్ళింది.

బుధవారం పావుతక్కువ పన్నెండింటికి కొట్లో పన్నెండుమంది ఉన్నారు. పని లేనివాళ్ళకి మా కాఫీ ఒక్కటే ఉద్యోగం. ఒగాతా బాబాయ్ కిటికీ దగ్గర, హిరకావా గోడవార. ఆ రోజు అతనికి సెలవు. రికార్డు అట్ట కూడా అందరికీ కనపడేట్టు నిలబెట్టాను, ఏదో కొత్తపాట అనుకోనీ అని. మోటారు వెయ్యలేదు. సూది దించాను. పక్కకి జారింది, మళ్ళీ దించాను.

మా కొట్టు అలవాటు నీకు తెలుసుగా. పాట పెట్టాక ఎవరూ నోరు విప్పరు. రికార్డు ఆ వైపు అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటారు. అలాగే కూర్చున్నారు. నేను ఎవరి మొహం చూడాలో తెలీక గ్లాసు తుడుస్తూ నిలబడ్డాను.

మొదట మూలుగు. తర్వాత గీరడం. తర్వాత దబ్బు. పెద్ద స్పీకర్లలోంచి వచ్చింది, కొట్టంతా నిండింది. పళ్ళెం తిరగడం లేదు. రికార్డు మీద చీటీ అక్షరాలు చదువుకోవచ్చు, అంత నిశ్చలంగా ఉంది.

ఒక్కొక్కళ్ళూ కళ్ళు తెరిచారు. ఎవరూ నావైపు చూడలేదు. నేలవైపు చూశారు. ముందుకుర్చీలో అతను కాళ్ళు రెండూ పైకి తీసుకుని కుర్చీ మీద పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళవాడు. అప్పుడు తెలిసింది నాకు, వాళ్ళకీ వినపడుతోందని. మిచియె, నాకు నవ్వొచ్చింది. గ్లాసు పట్టుకుని నవ్వాను.

మాట్లాడకూడదన్న బోర్డు కింద కూర్చుని మొదట నోరు విప్పింది హిరకావా. గోడగడియారం చూస్తూ అన్నాడు, "అది మేం తవ్వే మూడో గుంట అన్నా. ఇప్పుడాగుతుంది చూడండి. అన్నానికి కూర్చుంటారు."

అందరం గడియారం వైపు చూశాం. రెండు నిమిషాలు. పన్నెండైంది. స్పీకర్లు మూగబోయాయి.

"మేం కొండ కింద ఉన్నామనే చెప్పారు అన్నా. నేను వంకర దారిలో పోతాను, పైన ఏముందో నాకేం తెలుసు. మీ కింద ఉన్నానని నాకు తెలీదు." అని ఆ మనిషి ఏడ్చాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఒగాతా బాబాయ్ లేచి, "గంట టైముంది. లేవరా, వాళ్ళని పైకి తీసుకొద్దాం" అని అతని చొక్కా పట్టుకుని లాక్కెళ్ళాడు. గుమ్మంలో నా దగ్గర ఆగాడు. "ఆ రోజు నాకూ వినపడింది. నా తలకాయలోదే అనుకున్నా. ఎవరికి చెప్పుకోను?" అన్నాడు. చూడు, ఈ ఊళ్ళో ప్రతి గనిమనిషీ తనకొక్కడికే పిచ్చెక్కిందనుకుని నోరు మూసుకున్నాడు. ఆ రోజు ఆయన చూపులో జాలి నా మీదది కాదు. నేనే పొరపడ్డాను.

లోపలి ఆరుగురూ సగం తిన్న డబ్బాలతో పైకొచ్చారు. మా వరసలో నాలుగిళ్ళు సాయంత్రంలోగా ఖాళీ చేశాం. యంత్రాన్ని నేనే మోశాను. ఈసారి మీ వదిన రికార్డుల పెట్టె తనే ఎత్తుకుంది. శుక్రవారం మధ్యాహ్నం స్తంభం దిగిపోయింది. పడలేదు, వంగలేదు, నిలువునా కిందికి దిగింది, దాని వెనక సగం కొట్టూ మా మంచమూ వెళ్ళాయి. రోడ్డు మీద నిలబడి చూశాం. కంపెనీవాళ్ళు వచ్చి వానల వల్ల అన్నారు.

చుట్టుపక్కలవాళ్ళూ వచ్చి చేరారు, ఇప్పుడు నలభైమందిమి బడి హాల్లో పడుకుంటున్నాం. నిన్నటి నుంచి నాకు ఊపిరాడనివ్వడం లేదు. ఎవరొచ్చినా, "ఇవాకిచి అన్నా, మా ఇంట్లోనూ ఒకసారి పెట్టి చూడు" అంటారు. పైకి నవ్వుతూనే అడుగుతారు, చేతులు మాత్రం పిసుక్కుంటారు. సిమెంటు గట్టో రాతిమెట్టో నేలలోకి దిగి ఉన్నచోట యంత్రం పెట్టి, మోటారు ఆపి, సూది దించుతున్నాను. నువ్వు కాగితం మీద చేసే పని నేను నేల మీద చేస్తున్నాను. మంచి నేలంటే నోరు మూసుకునేది. సూది అరిగితే ఇంకొకటి కావాలి, పంపు.

నిన్న పోస్టాఫీసులో పెట్టాను, ఏమీ లేదు. పొగాకు కొట్లో పెట్టాను, ఏమీ లేదు, నువ్వింక ధైర్యంగా ఫోను చేసుకోవచ్చు.

ఈ పొద్దున ఎవరూ అడక్కుండానే ఈ బడి వెనక నీళ్ళతొట్టి గట్టు మీద పెట్టాను. హాల్లో పిల్లలు పాడుకుంటున్నారు, మీ వదిన అందరికీ అన్నం ముద్దలు చేస్తోంది. మూలుగు ఉంది. హిరకావా గుంపు పైకొచ్చి ఆరు రోజులైంది, మళ్ళీ దిగలేదు, కాబట్టి ఇది వాళ్ళు కాదు. నేను గడియారం తీసి గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను.

పన్నెండింటికి ఆగింది.

కింద ఉన్నదెవరో ఒంటిగంటకి మళ్ళీ తవ్వేలోగా హాల్లోంచి అందర్నీ బయటికి తేవాలి. ఉత్తరం ఇక్కడే ఆపుతున్నాను.

అన్న, ఇవాకిచి